కూతురితో కోల్‌కతాలో ఒక శనివారం

ఇరవై ఏళ్ల పిల్లలతో ఒక్క రోజులో ఒక నగరం చూసి రావాలంటే ఏమేం చూడాలన్నది రెండో ప్రశ్న. ఎక్కడ కలిసి తిరగాలి, ఎక్కడ ఎవరి దారిన వారు వెళ్లాలి అన్నది ముందు తేల్చుకోవాలి. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తిప్పినట్టే ఇప్పుడూ తిప్పబోతే మధ్యాహ్నానికల్లా వాళ్లు ఫోనులో తలదూరుస్తారు, మనకు నీరసం వస్తుంది. మా అమ్మాయి ఖరగ్‌పూర్ ఐఐటీలో చదువుతోంది. మొన్నటి చలికాలంలో దాన్ని చూడడానికి వెళ్లినప్పుడు ఇద్దరం కోల్‌కతా వెళ్లొచ్చాం. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఏది బాగుందో, ఏది వదిలేసినా నష్టం లేదో రాస్తున్నాను.

శనివారమే ఎందుకంటే, సోమవారం మ్యూజియాలకు సెలవు. ఆదివారం కాలేజీ స్ట్రీట్‌లో పుస్తకాల దుకాణాలు చాలావరకు తెరవరు. మిగతా రోజుల్లో పిల్లలకు క్లాసులు. పైగా మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నం వరకు నా ఇష్టం, ఆ తర్వాత దాని ఇష్టం. ఒకరి పూటలో ఇంకొకరు సణగకూడదు. "సణిగితే?" అన్నాను. "ఆ రోజు టీ ఖర్చంతా నీదే నాన్నా" అంది. ఎలాగూ అది నాదే.

బస విషయంలో కాస్త తర్జనభర్జన పడ్డాం. కోల్‌కతాలో రాత్రి ఉండాలనుకుంటే ఇండియన్ మ్యూజియం వెనక సడ్డర్ స్ట్రీట్‌లో పాత లాడ్జీలు చాలా ఉన్నాయి. మెట్రో దగ్గర, నడిచి తిరగడానికి అనుకూలం. కానీ గది చూడకుండా డబ్బు కట్టవద్దు. నేను ఫోటోలు చూసి ఇష్టపడిన ఒక లాడ్జికి ఫోను చేస్తే, ఆ ఫోటోలోని గదికి కాక కిటికీ లేని గదికి అదే అద్దె చెప్పారు. హౌరా స్టేషను ఎదుటి హోటళ్లు రైలుకు దగ్గరే అయినా రాత్రంతా హారన్ల మోత. చివరికి ఖరగ్‌పూర్‌లోనే బస ఉంచుకుని తెల్లవారి లోకల్ ఎక్కాం. ఒక్క రోజుకైతే ఇదే మేలు. సామాను మోయనక్కర్లేదు. సామానుతోనే వచ్చేవారికి హౌరాలో క్లోక్‌రూం ఉంది, కాకపోతే పెట్టెకు తాళం, చేతిలో రైలు టికెట్టు ఉండాలి.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. లోకల్‌లో రెండున్నర గంటలు పడుతుంది. దక్షిణాది నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్సులు త్వరగా చేరుస్తాయి గానీ, అవి ఆలస్యమైతే ఉదయమంతా ప్లాట్‌ఫారం మీదే గడిచిపోతుంది. ఖరగ్‌పూర్‌లోనే బయలుదేరే లోకల్‌లో కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఆ స్టేషనులో 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే పొడవైనదని పేరు, ఆ రికార్డు తర్వాత గోరఖ్‌పూర్‌కు, అక్కడి నుంచి హుబ్బళ్లికి పోయింది. మన బోగీ ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే నడక తప్పదు. టీ కొట్టు దగ్గర తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు. రైల్వే కొలువుల కోసం తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి.

హౌరాలో దిగగానే టాక్సీ కోసం వెతకవద్దు. వంతెన మీద ఉదయం పూట వాహనాలు అంగుళమంగుళం కదులుతాయి. స్టేషను నుంచే మెట్రో ఉంది. 2024 మార్చిలో ప్రారంభమైన ఈ మార్గం హుగ్లీ నది కిందుగా వెళుతుంది, మన దేశంలో నది కింద నడిచిన మొదటి మెట్రో ఇదే. నది కింద సొరంగం 520 మీటర్లు. ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఆ కాసేపు కిటికీల బయట నీలం దీపాలు కనిపిస్తాయి, అంతే. చేపలు కనిపిస్తాయనుకుని పిల్లాణ్ని కిటికీ దగ్గర నిలబెట్టిన ఒక తల్లి ముఖం చూసి మా అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. వింత కోసం కాదు, సమయం కోసం ఎక్కండి. ఎస్ప్లనేడ్‌లో మారి ఒక్క స్టేషను దూరంలో పార్క్ స్ట్రీట్‌లో దిగితే ఇండియన్ మ్యూజియం నాలుగు అడుగుల్లో ఉంటుంది.

నా పూట ఇక్కడే. 1814లో మొదలైన ఈ మ్యూజియంలో అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేం. ఈజిప్టు మమ్మీ దగ్గర ఎప్పుడూ గుంపే. దాన్ని దాటేసి భార్హుత్ గ్యాలరీకి వెళ్లండి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు బౌద్ధ స్తూపం చుట్టూ ఉండిన ఎర్ర ఇసుకరాతి ప్రాకారం, తోరణం అక్కడ నిలబెట్టి ఉన్నాయి. ఒక గుండ్రటి పలకలో అనాథపిండికుడనే వర్తకుడు బుద్ధుడి కోసం జేతవనమనే తోట కొంటున్న దృశ్యం చెక్కారు. తోట నేలంతా నాణేలు పరిస్తేనే అమ్ముతానని రాకుమారుడు షరతు పెట్టిన కథ అది. ఎద్దుల్ని విప్పిన బండి ఒక పక్కన ఉంటుంది, పనివాళ్లు నాణేలు దించి నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంటారు. నాణేలన్నీ చతురస్రాలే. కింద బ్రాహ్మీ లిపిలో, కోట్లు పరిచి కొన్న జేతవనాన్ని అనాథపిండికుడు దానమిస్తున్నాడని రాసి ఉంది. మా అమ్మాయి అక్కడ చాలాసేపు ఆగింది. "గుండ్రటి నాణేలైతే మధ్యలో ఖాళీలు మిగిలేవి, అందుకే చతురస్రాలు" అంది. ఆ కాలపు నాణేలు నిజంగానే చాలావరకు నలుపలకలుగా ఉండేవని చెప్పాను. కానీ దాని లెక్క కూడా నాకు నచ్చింది. బుద్ధుడి రూపం ఎక్కడా లేదేమని అడిగింది. ఆ రోజుల్లో చెట్టు, చక్రం, పాదముద్రలతోనే ఆయన్ని సూచించేవారు.

తర్వాత విడిపోయాం. అది జంతువుల ఎముకలు, శిలాజాలు ఉన్న హాళ్లలోకి వెళ్లింది, నేను శిల్పాల దగ్గరే ఉండిపోయాను. కలిసి ఒక గంట, విడిగా ఒక గంట. ఇలాంటి చోట్లకు ఈ పద్ధతే సరి. మంచినీళ్లు, మరుగుదొడ్ల పని ఇక్కడే చూసుకుని బయలుదేరండి. కాలేజీ స్ట్రీట్‌లో ఆ సౌకర్యం అంతంత మాత్రమే.

భోజనం న్యూ మార్కెట్ వైపు. 1874 నాటి ఎర్ర ఇటుకల బజారు అది. లోపల బేరాలకు దిగితే సాయంత్రమైపోతుంది, మేం చుట్టూ తిరిగి వచ్చేశాం. అది గుడ్డు రోల్ తింది, నేను కోల్‌కతా బిర్యానీ. ప్రతి పళ్లెంలోనూ ఒక పెద్ద బంగాళాదుంప. మన నాలుకకు కారం చాలదు, దుంప మాత్రం మాంసం కంటే బాగుంది. మట్టి ముంతలో ఇచ్చే తీపి పెరుగు, మిష్టి దోయి మీద ఇద్దరికీ పేచీ లేదు.

కాలేజీ స్ట్రీట్‌కు సెంట్రల్ లేదా మహాత్మా గాంధీ రోడ్ మెట్రో స్టేషనులో దిగాలి. 1817లో హిందూ కాలేజీగా పుట్టిన ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం గోడ పొడవునా చెక్క, రేకులతో కట్టిన బడ్డీలు, వాటినిండా పుస్తకాలు. పోటీ పరీక్షల గైడ్లే ఎక్కువ, ఆ సంగతి ముందే చెప్పాలి. పాత పుస్తకాలు కావాలంటే అడగాలి, ఆగాలి. మా అమ్మాయి బెంగాలీలో అడిగితే దుకాణదారు నిలువెత్తు దొంతర అడుగు నుంచి ఒక పుస్తకాన్ని లాగాడు. ఒక చేత్తో పైవాటిని అరచెయ్యి మందాన ఎత్తిపట్టి, ఇంకో చేత్తో కింది దాన్ని తీశాడు. దొంతర చెక్కుచెదరలేదు. అది పదార్థాల బలం మీద పాఠ్యపుస్తకం. అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో లెక్కలు చేసి, ఒకచోట కొట్టేసి మళ్లీ చేశారు. "ఈయన లెక్క తప్పు" అంటూనే అది కొనేసింది. ధర సగానికి దించింది, అదీ ముక్కలు ముక్కలుగా వచ్చిన బెంగాలీలో. హాస్టల్లో ఏం నేర్చుకుంటోందో నాకు ఆ రోజే తెలిసింది.

తండ్రి పక్కన నిలబడి ఉంటే ఏ పిల్లా పుస్తకాలు నింపాదిగా తిరగేయలేదు. అందుకని నేను ఎదురు వీధిలోని కాఫీ హౌస్‌కు వెళ్లి కూర్చున్నాను. ఆల్బర్ట్ హాల్లో నడిచే ఈ కాఫీ హౌస్‌ను పనివారి సహకార సంఘమే నడుపుతోంది. ఎత్తైన కప్పు, పైన పిట్టగోడతో మేడ, గోడ మీద రవీంద్రుడి పటం, తెల్ల తలపాగాల వెయిటర్లు. పాలు లేని కాఫీ కావాలంటే ఇన్ఫ్యూజన్ అని అడగాలి. కాఫీ సంగతి వస్తే, మన ఫిల్టర్ కాఫీ తాగే వాళ్లకు ఇది ఆనదు. ఆ గోల మధ్య ఎవరూ లెమ్మనకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు, మార్కులన్నీ దానికే. ఒంటరిగా ఉన్న తండ్రికి ఈ ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు.

అక్కడి నుంచి మట్టి విగ్రహాలు చేసేవాళ్ల పేట, కుమార్తులి. షోభాబజార్ మెట్రో నుంచి నడక. దుర్గ పండగ ముందైతే సందుల్లో అడుగు పెట్టే చోటుండదు. చలికాలంలో సరస్వతి పూజకు విగ్రహాలు చేస్తుంటారు, తీరిగ్గా చూడవచ్చు. వెదురు మీద గడ్డి కట్టి నారతాడుతో బిగిస్తారు. దాని మీద ఊక కలిపిన ముతక మట్టి, ఎండాక మెత్తటి మట్టి. తల లేని వీణాపాణులు వరసగా నిలబడి ఉంటే, తలలన్నీ వేరే బల్ల మీద ఆరుతున్నాయి. ఫోటో తీసేముందు అడగండి, కొన్ని చోట్ల రుసుము తీసుకుంటారు. మేం కలిసి తిరిగిన చోట్లలో నా మొదటి ఓటు దీనికే.

తిరుగు ప్రయాణానికి యాప్‌లో టాక్సీ పిలిస్తే డ్రైవరు ఎక్కడికని అడిగి రద్దు చేసుకున్నాడు. అదే మంచిదైంది. ఆ వైపు ఘాట్ల నుంచి హౌరాకు లాంచీలు ఉన్నాయి. చిల్లర దగ్గర ఉంచుకోండి. లాంచీ హౌరా వంతెన కిందుగా వెళ్లి స్టేషను పక్కనే దించుతుంది. 1943లో తెరిచిన ఆ వంతెనలో నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్లే. పదార్థాల బలం పుస్తకం చేతిలో ఉన్న పిల్ల కదా, దిగేదాకా నాకు కాంటిలీవర్ మీద, అంటే ఒక వైపు ఆధారంతోనే ముందుకు చాచి ఉండే దూలం మీద పాఠం చెప్పింది. ఆ పాఠానికి నేను సణగలేదు.

వదిలేసినవి: విక్టోరియా మెమోరియల్. 1921లో తెరిచిన ఆ మక్రానా పాలరాతి భవనాన్ని తోటలోంచి చూస్తే చాలు, అదీ ఉదయం పూట. పెద్దవాళ్లు వెంట ఉంటే మ్యూజియం బదులు అది పెట్టుకోవచ్చు. ట్రాము ఎక్కాలని చాలామందికి ఉంటుంది. 1873లో గుర్రాలతో మొదలైన ఆ బండ్లకు ఇప్పుడు ఒకటి రెండు మార్గాలే మిగిలాయి, ఎదురుపడితే ఎక్కండి, దాన్ని నమ్ముకుని కార్యక్రమం వేసుకోవద్దు. కాళీఘాట్, దక్షిణేశ్వరం ఈ రోజులో ఇరికించవద్దు. రెండోది మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, వాటికి వేరే రోజు కావాలి.

హౌరాలో ఖరగ్‌పూర్ లోకళ్లు ఎక్కువగా కొత్త ప్రాంగణం నుంచి, అంటే 17వ నంబరు, ఆపై ప్లాట్‌ఫారాల నుంచి బయలుదేరతాయి. పాత ప్రాంగణంలో నిలబడి వెతికితే బండి పోతుంది. సాయంత్రం ఆరు తర్వాత సీటు దొరకడం కష్టం, అరగంట ముందే వెళ్లి ఖాళీ బండి వచ్చే దాకా ఆగండి.