డిక్షనరీలో కీ లేకపోతే? గెట్, ఇన్, ట్రై: ఏది మేలు?

పైథాన్‌లో కీ, విలువ జతలను దాచే డిక్షనరీ పక్కన చదరపు బ్రాకెట్లలో కీ రాస్తే విలువ వచ్చేస్తుంది. కీ లేకపోతే కీఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ అంటే టెన్షన్ పడి చాలామంది ప్రతిచోటా, కీ లేకపోయినా ఎర్రర్ ఇవ్వని గెట్ మెథడ్ వాడేస్తారు. నాకు ఆ అలవాటు నచ్చదు. ముందు ఒకటి తేల్చుకోవాలి: ఇక్కడ కీ లేకపోవడం మామూలేనా, లేక ఎక్కడో తప్పు జరిగినట్టా?

మామూలే అయితే గెట్‌ను మించింది లేదు. ఒకే వరుసలో పని అయిపోతుంది, కీ లేనప్పుడు రావాల్సిన విలువ (డిఫాల్ట్) కూడా అక్కడే ఇవ్వొచ్చు. చిక్కల్లా నన్‌తోనే (None, అంటే ‘విలువేమీ లేదు’). డిఫాల్ట్ ఇవ్వకపోతే, కీ లేకపోయినా నన్ వస్తుంది, కీ ఉండి దాని విలువే నన్ అయినా నన్ వస్తుంది. రెండో సందర్భంలో మీరిచ్చిన డిఫాల్ట్ అక్కరకు రాదు, ఎందుకంటే కీ ఉంది కదా. జేసన్ (ప్రోగ్రామ్‌లు డేటా పంపుకునే ఫార్మాట్)‌లో నల్ అని వచ్చిన ఫీల్డులు పైథాన్‌లో నన్‌గా మారి సరిగ్గా ఇలాగే దెబ్బతీస్తాయి.

ఇంతకన్నా ప్రమాదం గెట్ పక్కన ఆర్ (or) పెట్టి డిఫాల్ట్ ఇవ్వడం. ఆర్డర్‌లో డిస్కౌంట్ 0 అని ఉందనుకోండి. గెట్ ఆ 0 తెస్తుంది, ఆర్ దాన్ని లేనట్టే లెక్కేసి పక్కనున్న 10 ఇస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, బిల్లు మాత్రం తప్పుతుంది. అదే 10ని గెట్ బ్రాకెట్లలో రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే 0 సున్నాగానే ఉంటుంది.

కీ ఉందా లేదా అన్నదే ముఖ్యమైతే, ఆ ఒక్కటే అడిగే ఇన్ (in) వాడండి. నన్‌తో గందరగోళం ఉండదు. ఇన్‌తో అడిగి ఆ తర్వాత విలువ తీసుకుంటే రెండుసార్లు వెతికినట్టే, కానీ డిక్షనరీ కీని చప్పున వెతికే హ్యాష్ టేబుల్ కాబట్టి ఆ ఖర్చు సాధారణంగా లెక్కలోకి రాదు. అసలు జాగ్రత్త థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల) దగ్గర: అడగడానికీ తీసుకోవడానికీ మధ్య ఇంకో థ్రెడ్ ఆ కీని తీసేయొచ్చు. సీ షార్ప్‌లో అయితే కంటైన్స్‌కీ తర్వాత మళ్లీ వెతక్కుండా ట్రైగెట్‌వాల్యూ కీ ఉందో లేదో, దాని విలువేంటో ఒక్కసారికే రెండూ చెప్పేస్తుంది. గో భాషలో విలువతోపాటు ఉందో లేదో చెప్పే బూలియన్ కూడా తీసుకోవచ్చు. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం.

కీ దాదాపు ఎప్పుడూ ఉంటుందనుకున్నచోట ట్రై, ఎక్సెప్ట్ (ట్రైలో వచ్చిన ఎర్రర్‌ను ఎక్సెప్ట్ పట్టుకుంటుంది) బాగుంటాయి. ట్రైలో విలువ తీసే ఆ ఒక్క వరుసే ఉంచండి. లోపల వేరే ఫంక్షన్‌ను కూడా పిలిస్తే, అందులో పుట్టిన కీఎర్రర్ కూడా ఇక్కడే చిక్కి అసలు బగ్ కనబడకుండా పోతుంది.

లెక్కపెట్టడానికి, గుంపులు కట్టడానికి, లేని కీకి డిఫాల్ట్ విలువను తానే పెట్టుకునే డిఫాల్ట్‌డిక్ట్ హాయి. ఉందో లేదో చూడటానికి మాత్రం వద్దు. బ్రాకెట్లతో చదివితే చాలు, లేని కీ కొత్తగా చేరిపోతుంది. సీ ప్లస్ ప్లస్ మ్యాప్‌లో బ్రాకెట్లదీ ఇదే తీరు.

ఇక డేటాబేస్ అడ్రస్ లాంటి తప్పనిసరి సెట్టింగులకు వట్టి బ్రాకెట్లే వాడండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడే చదివితే, ఏ కీ లేదో కీఎర్రర్ పేరుతో సహా అక్కడికక్కడే చెప్పేస్తుంది.