టస్కీగీ ఇటుకలు, నాన్న బుడ్డలు

అట్లాంటా వచ్చిన మనవాళ్ళు అక్వేరియం, కోకాకోలా మ్యూజియం చూసి మమ అనిపిస్తారు. నాన్నకు ఆ రెండూ ఒక్క పూటలోనే విసుగొచ్చాయి. కమ్మింగ్‌లో ఉండే మా చెల్లెలే చెప్పింది, పక్క రాష్ట్రం అలబామాలో నల్లవాళ్ళ కోసం పెట్టిన టస్కీగీ యూనివర్సిటీకి వెళ్ళి రమ్మని.

అంతకుముందు అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి వెళ్ళాం. ఇదీ నల్లవాళ్ళ కాలేజీయే, 1867లో అగస్టాలో ఒక చర్చి నేలమాళిగలో మొదలైంది. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో ఇక్కడే డిగ్రీ పూర్తిచేశాడు. ఆయన గురువుగా భావించిన బెంజమిన్ మేస్ (తర్వాత ఇక్కడ ప్రెసిడెంట్ అయ్యాడు) 1936 చివర్లో వార్ధా వెళ్ళి గాంధీని కలిశాడు. టూర్ బుక్ చేసుకోకుండా వెళ్ళడం మా తప్పే. బయటి నుంచి చూసి వెనక్కి వచ్చాం.

టస్కీగీ అట్లాంటాకు సుమారు 130 మైళ్ళు. అలబామాలో టైము గంట వెనక. పోయేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు అంతా వడ్డీతో కట్టాలి.

ఒకప్పుడు బానిసలకు చదువు చెప్పడమే నేరమైన రాష్ట్రం అది. 1881లో నల్లవాళ్ళ కోసం ఈ బడి పెట్టినప్పుడు ప్రభుత్వం ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చింది, అదీ టీచర్ల జీతాలకే. స్థలం లేదు, బిల్డింగు లేదు. బడి నడిపిన బుకర్ టి. వాషింగ్టన్, తానూ పుట్టుకతో బానిసే, పిల్లల చేతే ఇటుకలు చేయించాడు. మూడు బట్టీలు వరసగా పాడయ్యాయి. నాలుగోదానికి డబ్బుల్లేక తన గడియారాన్ని 15 డాలర్లకు తాకట్టు పెట్టాడు. ఆయన ఇల్లు ‘ది ఓక్స్’ కూడా విద్యార్థులు చేసిన ఇటుకలతో కట్టిందే. ఎంఐటీలో చదివిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్టు రాబర్ట్ టేలర్ దాన్ని డిజైన్ చేశాడు. గోడ దగ్గర నిలబడి చూస్తే ఒక ఇటుక రంగు ఇంకోదానికి కలవదు. నాన్న అరచేత్తో తడిమి, గోరుతో గీకి, ‘బాగా కాలింది’ అన్నాడు.

చూడటానికి టికెట్ లేదు. ఇంటి లోపలికి మాత్రం గైడు వెంటే పోవాలి, టైములు ముందే చూసుకోండి.

నాన్న కదలనిది, ఇక్కడ పాఠాలు చెప్పిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ కార్వర్ పేరిట ఉన్న మ్యూజియంలో. పత్తి వేసి వేసి భూమి సారం చచ్చిపోతే, కార్వర్ వేరుశనగ, చిలగడదుంప వేయమని రైతుల వెంటపడ్డాడు. 1906లో బండి కట్టించి వ్యవసాయ పాఠాలను పల్లెలకే పంపారు. (పీనట్ బటర్ కనిపెట్టింది ఆయనే అంటారు గానీ, కాదు.) అనంతపురంలో నలభై ఏళ్ళు శనక్కాయే వేసిన నాన్న అంతా విని, ‘ఈయప్ప పత్తి మాన్పించి బుడ్డలేయించినాడు. మనకు బుడ్డలు మాన్పించేవాడు కావల్ల’ అన్నాడు.

తిండికి క్యాంపస్ చుట్టుపక్కల పెద్దగా ఏమీ దొరకలేదు. చెల్లెలు కట్టిచ్చిన పులిహోరే కాపాడింది. రాత్రికి హైవే పక్కన చవగ్గా వస్తోందని ఒక మోటల్లో దిగాం. దుప్పటి నిండా సిగరెట్ వాసన, పొద్దున టిఫిన్ పేరుతో రెండు రకాల తీపి రొట్టెలు. మీరైతే ఇరవై మైళ్ళు వెనక్కి వచ్చి ఆబర్న్‌లో ఉండండి.

పొద్దున బయల్దేరేముందు క్యాంపస్‌లోని సమాధుల దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. వాషింగ్టన్, కార్వర్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. బ్యాగులు భుజాన వేసుకున్న పిల్లలు క్లాసులకు పోతున్నారు. నాన్న చెప్పులు విడిచి నిలబడ్డాడు.