ఫర్లాంగా, ఫాదమా?

పాత ఇంగ్లిష్ నవలలు చదివేవాళ్లకి ఈ రెండూ తరచూ తగులుతుంటాయి. ఫర్లాంగ్ నేల మీద దూరానికి, ఫాదమ్ నీళ్ల లోతుకి.

ఫర్లాంగ్ పొలంలో పుట్టిన మాట, అసలు అర్థం 'నాగలి చాలంత పొడవు'. తర్వాత 220 గజాలకి, అంటే మైలులో ఎనిమిదో వంతుకి ఖాయమైంది. మజా ఏంటంటే, ఆ 220ని 22 గజాల వెడల్పుతో గుణిస్తే 4,840 చదరపు గజాలు వస్తాయి, అదే మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండే ఎకరం! మన పెద్దవాళ్ల నోట కూడా 'ఇంకో రెండు ఫర్లాంగులే' అని వినే ఉంటారు. ఇప్పుడైతే ఎక్కువగా గుర్రప్పందాల్లోనే బతికుంది.

ఫాదమ్ ఆరు అడుగులు. రెండు చేతులూ చాపితే వచ్చే కొలత, అచ్చం మన బార. ఓడవాళ్లు తాడుకి సీసం గుండు కట్టి నీళ్లలోకి వదిలేవాళ్లు, ఇన్ని బారలకి ఒక తోలు ముక్క, ఇన్నింటికి ఒక గుడ్డ ముక్క అని గుర్తులు కట్టుకునేవాళ్లు, చీకట్లో చేత్తో తడిమినా లోతు తెలిసిపోవాలి కదా. ఒకప్పుడు కౌగిలి అనే అర్థం కూడా ఉండేది (ఎంత బాగుందో!). ఇప్పటి ఇంగ్లిష్‌లో క్రియగా వాడితే ఒక విషయం అంతు తెలుసుకోవడం.

ఒక్కటే నేర్చుకుంటానంటే నా ఓటు ఫాదమ్‌కే. ఫర్లాంగ్ తెలియకపోయినా 'ఏదో కొంత దూరం' అనుకుని ముందుకెళ్లిపోవచ్చు, కానీ ఆవిడ అతని మనసుని ఫాదమ్ చేయలేకపోయింది అని రాసినచోట అర్థం తెలియకపోతే కథే తెగిపోతుంది.