కాశీలో సత్రం గది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

మా ఇంటిల్లిపాదీ కలిసి కాశీ వెళ్లొచ్చి రెండు వారాలైంది. దర్శనం బాగా జరిగింది, గంగలో నాన్నగారికి తర్పణాలు వదిలాం. కానీ గది పేరుతో మాకు జరిగిన మోసం మనవాళ్లెవరికీ జరగకూడదని ఇది రాస్తున్నాను. పాలకొల్లు, నరసాపురం, భీమవరం, అమలాపురం వైపు నుంచి కాశీ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారి సంవత్సరీకం అయిపోయాక అమ్మ ఒక్కటే కోరిక కోరింది, కార్తీకంలో కాశీ చూడాలని. అమ్మ, పెద్దమ్మ, నేను, మా ఆవిడ నలుగురం బయలుదేరాం. సార్వా కోతలకు ముందే తిరిగి రావాలి కాబట్టి కాశీలో మూడు రాత్రులే అనుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని కేదార్ ఘాట్, హరిశ్చంద్ర ఘాట్ చుట్టుపక్కల మన తెలుగు సత్రాలున్న సందుల్లోనే గది కావాలనుకున్నాను. అక్కడైతే గంగ దగ్గర, తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, మన తిండి దొరుకుతుంది.

ఫోన్‌లో 'కాశీ తెలుగు సత్రం రూమ్ బుకింగ్' అని వెతికాను. మొట్టమొదట వచ్చినదాన్ని నొక్కాను. అది డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటన అని తర్వాత తెలిసింది. పేరున్న సత్రం పేరే ఉంది, ఫొటోలు ఆ సత్రంవే. వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

నేను మోసపోయింది ఇక్కడే. అవతలి మనిషి మాట్లాడింది ఎక్కడో ఉత్తరాది హిందీ కాదు, అచ్చం మన గోదావరి మాట. "ఆయ్, చెప్పండి. ఎక్కడి నుంచండి?" అన్నాడు. పాలకొల్లు అనగానే, "క్షీరారామం దగ్గరా అండి? మాది అత్తిలి పక్కనేనండి, పదేళ్లై ఇక్కడే ఉంటున్నామండి" అన్నాడు. అమ్మ మోకాళ్ల సంగతి చెబితే, "అమ్మగారికి కింద గది ఇప్పిస్తానండి, మెట్లెక్కే పని లేదండి" అన్నాడు. మన యాస వినేసరికి మనసు కుదుటపడిపోయింది. ఇక వేరే చోట అడగాలనే ఆలోచనే రాలేదు.

మొదట 2,000 అడ్వాన్స్ అన్నాడు, పంపాను. మర్నాడు ఫోన్ చేసి, కార్తీకం కదండి, మొత్తం కట్టకపోతే గది వేరేవాళ్లకి వెళ్లిపోతుందండి అని ఇంకో 5,800 అడిగాడు. ఆ సాయంత్రమే, నలుగురికీ దర్శనం టికెట్లు, డిపాజిట్ కలిపి 7,000, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తామండి అన్నాడు. మొత్తం 14,800. మూడుసార్లూ ఫోన్‌పే తెరమీద సత్రం పేరు రాలేదు, ఎవరో ఉత్తరాది మనిషి పేరు వచ్చింది. అడిగాను కూడా. "మా అకౌంటెంటండి" అన్నాడు. ఆ జవాబు విన్నాక కూడా పిన్ కొట్టాను చూడండి, అదే నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

విజయవాడలో ఎక్కిన రైలు మొగల్‌సరాయిలో, అదే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, ఆలస్యంగా దింపింది. రాత్రి పది దాటింది. ఆటోలో గంగమీది వంతెన దాటుతుంటే అమ్మ, పెద్దమ్మ చీకట్లోనే నీళ్లవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. ఘాట్ల దగ్గరి సందుల్లోకి ఆటో రాదు. సామాను మోసుకుంటూ, అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ సత్రం గుమ్మంలోకి వెళ్లేసరికి పదకొండున్నర.

మేనేజరు గారు పెద్దాయన. నా ఫోన్‌లో రసీదు చూడగానే ముఖం మారిపోయింది. రిజిస్టరు తియ్యనే లేదు. బల్ల సొరుగులోంచి రెండు కాగితాలు తీసి నా రసీదు పక్కన పెట్టారు. ఆ వారంలో మాలాగే వచ్చిన రెండు కుటుంబాలవట, ఒకరిది తుని, ఒకరిది గుంటూరు. మూడు రసీదుల్లోనూ ఎడమ మూల అదే గోపురం బొమ్మ, అదే ఊదా రంగు స్టాంపు, స్టాంపు పక్కకి వాలిన తీరూ అంతే. మూడింటిమీదా రసీదు నంబరు ఒక్కటే: 0417. పేర్లు, తేదీలు మాత్రం మార్చారు. "బాబూ, ఈ నంబరు మాది కాదు, ఈ ఖాతా మాది కాదు. గదులన్నీ నిండిపోయాయి, నేనేం చెయ్యను" అన్నారాయన. కోప్పడలేదు, మంచినీళ్లు ఇప్పించారు.

అమ్మ అరుగుమీద కూర్చుంది. నాన్నగారి ఫొటో, నల్లనువ్వుల పొట్లం ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి మేనేజరు గారే నాలుగిళ్లు అడిగి, ఒక లాడ్జిలో రెండు మంచాల గది ఇప్పించారు. మెట్లు నిటారుగా ఉన్న మూడో అంతస్తు. అమ్మను ఇద్దరం రెండు రెక్కలు పట్టుకుని ఎక్కించాం.

మోసం అంతటితో ఆగలేదు. మర్నాడు ఉదయం ఆ నంబరుకి ఫోన్ చేసి గట్టిగా అడిగితే, "పొరపాటైందండి, డబ్బు వెనక్కి వేస్తామండి" అంటూ ఒక ఫైలు పంపి, ఫోన్‌లో ఎక్కించుకోమన్నాడు. తర్వాత ఒక క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో పడతాయండి అన్నాడు. నేను నిజంగానే స్కాన్ చేయబోయాను. మా ఆవిడ ఫోన్ లాక్కుంది. డబ్బు మనకు రావడానికి పిన్ ఎందుకు కొట్టాలి? పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. తెలియని వాళ్లు పంపిన ఆ ఫైళ్లు ఎక్కించుకుంటే ఫోన్‌లో వచ్చే ఓటీపీలు కూడా వాళ్లు చూడగలరు. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రెండు విషయాలు ఈరోజే చెప్పండి.

లాడ్జి నుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఇవ్వొచ్చు. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. నేను పంపిన తొమ్మిది రోజులకు ఫోన్ చేశాను, అప్పటికే అది ఖాతాలు మారిపోయింది. పంపిన గంటా రెండు గంటల్లోపు 1930కి చెబితే అవతలి ఖాతాలో ఉన్న డబ్బును ఆపే వీలుంటుంది. కాబట్టి అనుమానం వచ్చిన వెంటనే ఫోన్ చెయ్యండి. నాలుగుసార్లు వాణ్ణి బతిమాలి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ కింద ఉన్న సైబర్ నేరాల సమన్వయ కేంద్రం యాత్రికులను ఇదే విషయంలో హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, చార్‌ధామ్ గదులు, యాత్రా ప్యాకేజీల పేరుతో దొంగ వెబ్‌సైట్లు, వాట్సాప్ ఖాతాలు నడుస్తున్నాయని చెప్పింది. నేను ఆ సంగతి తెలుసుకున్నది అంతా అయ్యాక.

ఇంటికొచ్చాక మా తమ్ముడు రసీదు చూసి ఇంకో విషయం పట్టుకున్నాడు. దానిమీద జీఎస్టీ నంబరు ఉంది, అది చూసే నాకు నమ్మకం కలిగింది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఉత్తరప్రదేశ్‌ది 09, మన ఆంధ్రప్రదేశ్‌ది 37. మా రసీదులో 19 అని ఉంది, అది పశ్చిమ బెంగాల్‌ది. కాశీ సత్రానికి బెంగాల్ నంబరేమిటి? జీఎస్టీ వారి వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి ఎవరి పేరుమీద ఉందో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అర నిమిషం పని.

గది కావాలంటే మీ వీధిలో కాశీ వెళ్లొచ్చినవాళ్లని అడగండి. మన వైపు అలాంటివాళ్లు లేని ఊరు లేదు. 2023 ఏప్రిల్‌లో గంగా పుష్కరాలకు వెళ్లినవాళ్ల దగ్గర సత్రం కార్డులు, రసీదులు ఇంకా ఉంటాయి. వాటిమీద ఉన్న నంబరుకే చెయ్యండి. మ్యాపులో కనిపించే నంబరును కూడా గుడ్డిగా నమ్మకండి, దాన్ని మార్చేసే దొంగలున్నారు. సత్రానికి పంపే డబ్బు సత్రం పేరుమీదే కనబడాలి. మనిషి పేరు కనబడితే అక్కడే ఆపేయండి, ఎంత బాగా మాట్లాడినా సరే.

దర్శనం టికెట్లు కూడా మధ్యవాళ్ల చేత కొనిపించవద్దు. విశ్వనాథుడి గుడిలో రుసుము కట్టి వెళ్లే సుగమ దర్శనం ఉంది. అది ఆలయ ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లో గానీ అక్కడి కౌంటర్లో గానీ తీసుకోవాలి. మా దొంగ టికెట్లు ఎందుకూ పనికిరాలేదు. మామూలు వరుసలోనే నిలబడ్డాం. తెల్లవారుజామున వెళ్లబట్టి రెండున్నర గంటల్లో స్వామిని చూశాం. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, గదిలోనే పెట్టి వెళ్లడం మేలు. పురోహితుడి దక్షిణ, పడవ కిరాయి పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. మాకు దొరికిన పురోహితుడు మాత్రం మంచాయన, అమ్మ చేత అన్నీ నిదానంగా చేయించారు.

2027లో మన గోదావరికే పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు రాజమండ్రి, కొవ్వూరు, నరసాపురంలో గదుల పేరుతో ఇలాంటివాళ్లే మన యాసలోనే బయటి ఊళ్ల యాత్రికులకు ఫోన్లు చేస్తారేమోనని నాకు భయంగా ఉంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీ చుట్టాలకి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి.

వచ్చే గురువారం మా ఇంట్లో కాశీ సమారాధన. యాభైమంది దాకా బంధువులొస్తారు, వాళ్లలో మూడు కుటుంబాలు మాఘమాసంలో కాశీకి బయలుదేరుతున్నాయి. గంగ చెంబుకి పూజ అయ్యాక అందరికీ కాలభైరవుడి తాళ్లు పంచాలని అమ్మ విడిగా మూట కట్టి పెట్టింది. 0417 రసీదు నేను నాలుగు కాపీలు తీయించి పెట్టాను. తాళ్లతోపాటు అదీ వాళ్ల చేతికిస్తాను.