గింజల కోసం వాము మొక్క కొంటున్నారా? వామాకు అంటగడుతున్నారు, జాగ్రత్త

మిద్దె తోటలో వాము పండించుకుందామని హైదరాబాద్ నర్సరీల్లో "వాము మొక్క" అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది వామాకు మొక్క, అంటే కర్పూరవల్లి. బజ్జీలకు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఎన్నేళ్లు పెంచినా పోపుల పెట్టెలోకి ఒక్క వాము గింజ రాదు. వాసన చూసి నమ్మకండి. వాము గింజకు ఘాటునిచ్చే థైమాల్, దాని దగ్గరి చుట్టమైన కార్వక్రాల్ ఈ ఆకులోనూ ఉంటాయి, అందుకే ముక్కు మోసపోతుంది.

కన్ను మోసపోదు. కర్పూరవల్లి ఆకు మందంగా, నూగుతో, అంచున నొక్కులతో ఉంటుంది. అసలు వాము కొత్తిమీర కుటుంబం. ఆకు సోయకూరలా సన్నటి దారాలుగా చీలి ఉంటుంది, తెల్లటి పూలు గొడుగుల్లా విచ్చుకుంటాయి, గింజ ముదిరాక మొక్క ఎండిపోతుంది. "అన్నా, ఇది గింజ పడతదా?" అని అడిగి, ఆకు చూశాకే డబ్బులివ్వండి.

ఆన్‌లైన్ ప్యాకెట్లలో ఇంకో తిరకాసు. కవరు మీద మందపాటి ఆకు బొమ్మ, లోపల "వాము విత్తనాలు". కర్పూరవల్లిని కొమ్మ గుచ్చి పెంచుతారు, కాబట్టి ఆ బొమ్మ వేసినవాడికి తానేం అమ్ముతున్నాడో తెలియదన్నమాట. లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం లేని ప్యాకెట్ వద్దు. దొరికితే గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం రకాలు, లాం సెలక్షన్-1 లేదా 2 అడగండి. కిరాణా వాము వేయించనిది, కొత్త పంటది అయితే అదీ మొలుస్తుంది. ముందు 50 గింజలు తడిగుడ్డలో చుట్టి పన్నెండు రోజులు చూడండి. సగం కూడా మొలవకపోతే కుండీ దాకా తీసుకెళ్లకండి.

విత్తనం మంచిదైనా లోతుగా వేస్తే రాదు. గింజ అతి చిన్నది, అంగుళం లోతు నుంచి పైకి వచ్చే సత్తువ దానికి లేదు. ఇసుకతో కలిపి చల్లి, పైన పావు అంగుళం మట్టి చాలు. బిందెతో గుమ్మరిస్తే కొట్టుకుపోతాయి, స్ప్రేతో తడపండి. పది అంగుళాల కుండీలో రెండు మొక్కలే ఉంచి మిగతావి పీకేయండి.

మన దగ్గర అక్టోబరులో విత్తాలి. పంటకు 140 నుంచి 160 రోజులు పడుతుంది. డిసెంబరులో విత్తితే పూత సరిగ్గా ఎండల్లో చిక్కి తాలు గింజలే మిగులుతాయి. పూత మీద పేనుబంక కనిపిస్తే సాయంత్రం పూట వేపనూనె కొట్టండి, పగలు తేనెటీగలు వాలతాయి.

ఇప్పటికే తప్పు మొక్క కొన్నవాళ్లు బిల్లు, మొక్క ఫోటో దాచుకుని మార్చమని అడగండి. ఆన్‌లైన్ అమ్మకందారు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.