అజూర్ ఫైర్‌వాల్‌లో టీఎల్ఎస్ తనిఖీ, టెర్రాఫార్మ్‌తో: మూడు వారాల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తా. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని ఫైర్‌వాల్‌లో టీఎల్ఎస్ తనిఖీని, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ ట్రాఫిక్‌ని విప్పి చూడటాన్ని, టెర్రాఫార్మ్‌తో (క్లౌడ్ సెట్టింగులను కోడ్‌గా రాసే పనిముట్టు) ఆన్ చేసే కోడ్ నలభై లైన్లు కూడా లేదు. అది నిజంగా ఆన్ అయిందని నాకు నమ్మకం కుదరడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

నాది అజూర్ వెబ్ పోర్టల్‌లో మౌస్‌తో రూల్స్ పెట్టే పాత చెయ్యి. ఆర్నెల్ల తర్వాత "ఈ రూల్ ఎవరు పెట్టారు, ఎందుకు?" అని అడిగితే అందరం పైకప్పు వైపు చూసే రకం. ఎన్‌క్రిప్టెడ్ ట్రాఫిక్‌ని విప్పి చూసే పని అలా చేయకూడదని, ఈసారి ప్రతి అక్షరం మార్పుల చరిత్ర దాచే గిట్‌లోనే ఉండాలని పట్టుబట్టాను.

తనిఖీ లేని ఫైర్‌వాల్‌కి హెచ్‌టీటీపీఎస్‌లో కనిపించేది సైటు పేరు ఒక్కటే. ట్రాఫిక్ గిట్‌హబ్‌కి పోతోందని తెలుస్తుంది, అందులో ఏ రిపాజిటరీకో తెలియదు. తనిఖీ పెడితే కనెక్షన్‌ని మధ్యలోనే విప్పి, యూఆర్ఎల్ మొత్తం చదివి, ఐడీపీఎస్‌కి (చొరబాట్లను పసిగట్టి ఆపే భాగం) చూపించి, మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. దానికోసం మనమిచ్చిన ఇంటర్మీడియట్ సీఏతో (వేరే సర్టిఫికెట్లపై సంతకం చేసే సర్టిఫికెట్) ప్రతి సైటుకీ అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టిస్తుంది. ఈ సదుపాయం ఫైర్‌వాల్ ప్రీమియం రకంలోనే ఉంది, స్టాండర్డ్‌లో లేదు.

కోడ్ సంగతికొస్తే, కీ వాల్ట్‌లో (అజూర్‌లో రహస్యాలు దాచే చోటు) సర్టిఫికెట్, దాన్ని చదవడానికి ఒక యూజర్ అసైన్డ్ మేనేజ్డ్ ఐడెంటిటీ (పాస్‌వర్డ్ లేని సర్వీస్ ఖాతా లాంటిది), ఫైర్‌వాల్ పాలసీలో ఆ రెండింటినీ చూపించే బ్లాకులు. ఆపైన అప్లికేషన్ రూల్‌లో "టెర్మినేట్ టీఎల్ఎస్" అనే ఒక్క లైను. తనిఖీని రూల్‌వారీగా పెట్టుకోవచ్చన్నది నాకు బాగా నచ్చింది. మొదటి రోజే అందరి నెత్తినా రుద్దక్కర్లేదు. నేను ఒకే ఒక్క టెస్ట్ సబ్‌నెట్‌తో మొదలుపెట్టాను.

మొదటి అప్లై (కోడ్‌ని అమలు చేసే కమాండ్) ఫెయిలైంది. ఏమీ మార్చకుండా మళ్లీ కొడితే పాసైంది. ఇలాంటి గెలుపు చూస్తే నాకు భయం. కారణం వెతికితే తప్పు నాదే. ఐడెంటిటీకి కీ వాల్ట్ మీద అనుమతి ఇచ్చే లైనుకీ, పాలసీకీ మధ్య కోడ్‌లో ఏ లింకూ లేదు. టెర్రాఫార్మ్ రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టింది. అనుమతి అందకముందే పాలసీ వెళ్లి వాల్ట్ తలుపు తట్టింది. "డిపెండ్స్ ఆన్" (అది అయ్యాకే ఇది అని చెప్పే లైను) రాసినా సరిపోదు, ఎందుకంటే అనుమతి అమల్లోకి రావడానికి కొంత సమయం పట్టొచ్చు. మధ్యలో కాసేపు ఆగమనే "టైమ్ స్లీప్" పెట్టి ఊరుకున్నాను. అందంగా లేదు, కానీ పనిచేస్తుంది.

సర్టిఫికెట్ దగ్గర అజూర్ నియమాలు ఖచ్చితంగా ఉంటాయి: ఆర్ఎస్ఏ కీ కనీసం 4096 బిట్లు, పాత్ లెంగ్త్ (దీని కింద ఇంకెన్ని సీఏలు ఉండొచ్చన్న లెక్క) 1 లేదా అంతకంటే ఎక్కువ, కీ యూసేజ్ (కీని దేనికి వాడొచ్చో చెప్పేది) క్రిటికల్‌గా గుర్తు పెట్టి ఉండాలి, సర్టిఫికెట్, కీ కలిసి ఉండే పీఎఫ్ఎక్స్ ఫైలుకి పాస్‌వర్డ్ ఉండకూడదు. డాక్యుమెంటేషన్‌లో అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. నేను చదవకుండా, చేతి అలవాటు కొద్దీ 2048తో చేసి ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

అంతకంటే పెద్ద పొరపాటు తృటిలో తప్పింది. అంతా కోడ్‌లోనే ఉండాలన్న పట్టుదలతో సీఏ ప్రైవేట్ కీని కూడా టెర్రాఫార్మ్ టీఎల్ఎస్ ప్రొవైడర్‌తోనే పుట్టించాను. ఆ రిసోర్స్ కీని స్టేట్ ఫైల్లో (టెర్రాఫార్మ్ తాను చేసినవాటి లెక్క రాసుకునే ఫైలు) ఎన్‌క్రిప్ట్ చేయకుండా రాస్తుంది. స్టేట్ ఫైలు చదవగలిగే ప్రతి ఒక్కరూ మా వాళ్లందరి ట్రాఫిక్‌కీ దొంగ సర్టిఫికెట్లు చేసుకోవచ్చన్నమాట! సీక్రెట్‌ని డేటా సోర్స్‌తో చదివినా విలువ స్టేట్‌లోకే వస్తుంది. ఆ కీని పారేసి, ఆఫ్‌లైన్ మెషీన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో కొత్తది చేసి, చేత్తోనే వాల్ట్‌లో పెట్టాను. కోడ్‌కి ఇచ్చేది సీక్రెట్ ఐడీ మాత్రమే. నా పట్టుదల అక్కడ ఒక మెట్టు దిగింది, దిగడమే మంచిదైంది.

ఇక అసలు కథ. అంతా పచ్చగా ఉంది, పైప్‌లైన్ (కోడ్‌ని పరీక్షించి అమలు చేసే ఆటోమేటిక్ వరస) పాస్, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తనిఖీ పెట్టాక ఎవరూ ఫిర్యాదు చేయలేదంటే అనుమానించాల్సిందే. టెస్ట్ మెషీన్ నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ "ఎస్ క్లయింట్" కొట్టి ఇష్యూయర్ (సర్టిఫికెట్ ఇచ్చినవారి పేరు) చూస్తే మా సీఏ పేరు లేదు, సైటు అసలు సర్టిఫికెట్టే వచ్చింది. అంటే వారం నుంచి మేం తనిఖీ చేసింది శూన్యం. అజూర్ ఫైర్‌వాల్ నెట్‌వర్క్ రూల్స్‌ని అప్లికేషన్ రూల్స్ కంటే ముందు చూస్తుంది, ప్రయారిటీ నంబరు ఏదైనా సరే. ఎప్పుడో పోర్టల్‌లో నేనే పెట్టిన "443 అందరికీ" (443 అంటే హెచ్‌టీటీపీఎస్ పోర్టు) అన్న నెట్‌వర్క్ రూల్ ముందే తలుపు తీసేస్తోంది. కొత్త రూల్ దాకా ఒక్క ప్యాకెట్టూ రాలేదు. దాన్ని తీసేశాక అప్లికేషన్ రూల్ లాగ్‌లో "ఈజ్ టీఎల్ఎస్ ఇన్‌స్పెక్టెడ్" అనే కాలమ్ ట్రూ అని చూపించడం మొదలైంది. మీరు మొదటి రోజే ఆ కాలమ్ చూడండి.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు.

"అన్నా, బ్రౌజర్‌లో వస్తోంది, పైథాన్ స్క్రిప్ట్ మాత్రం ఏడుస్తోంది" అన్నాడు మా టీమ్ కుర్రాడు. మా సీఏని నమ్మమని చెప్పే రూట్ సర్టిఫికెట్‌ని మెషీన్ స్టోర్‌లో పెట్టాం కానీ పైథాన్ రిక్వెస్ట్స్ దాన్ని చూడదు, సర్టిఫై ప్యాకేజీలోని సొంత జాబితా చూస్తుంది. జావాకి సొంత కీస్టోర్. నోడ్‌కి వేరే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. కంటైనర్లయితే ఒక్కో ఇమేజ్‌లో ఒక్కో స్టోర్. ఉబుంటులో ఫైలు పేరు చివర "సీఆర్‌టీ" లేకపోతే అప్‌డేట్ కమాండ్ చడీచప్పుడు లేకుండా దాటేసి పోతుంది. మూడు వారాల్లో రెండు ఈ ఊరేగింపుకే పోయాయి. ఇది ఈ ప్రొడక్ట్ గొడవ కాదు, ఎవరి ఫైర్‌వాల్ కొన్నా తప్పదు.

కొన్నిటిని విప్పే ప్రయత్నమే చేయకండి: సర్టిఫికెట్ పిన్నింగ్ ఉన్న (తమకు ముందే తెలిసిన సర్టిఫికెట్‌నే నమ్మే) యాప్‌లు, క్లయింట్ సర్టిఫికెట్ అడిగే సర్వర్లు. వెబ్ కేటగిరీల్లో విద్య, ఆర్థికం, ప్రభుత్వం, ఆరోగ్యం ఈ నాలుగింటినీ అజూరే విప్పదు. ఫలానా యూఆర్ఎల్ అని విడిగా రాసిస్తే తప్ప. ఆ నిర్ణయం నాకు గౌరవంగా అనిపించింది. జనం ఆరోగ్యం గురించి ఏం వెతుకుతున్నారో నా లాగ్‌లో నాకు అక్కర్లేదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. పోర్టల్‌లో చేసి ఉంటే రెండే ఇచ్చేవాణ్ని. మినహాయింపుల (విప్పకూడనివాటి) ఫైల్లో ఇవాళ్టికి పదిహేడు లైన్లున్నాయి. ప్రతి లైను పక్కనా ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా అని కామెంట్ ఉంది. కామెంట్ లేకుండా "టెర్మినేట్ టీఎల్ఎస్"ని ఫాల్స్ చేస్తే పైప్‌లైన్ ఆపేసేలా కుర్రాడు ఒక చెక్ రాశాడు. అది ఆపిన మొదటి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలపండి అనే విన్నపం) నాదే.