మెయిజీ కంచు పేరుతో జింకు బొమ్మలు: అయస్కాంతం వీడియో చూసి డబ్బు కట్టకండి

ఆన్‌లైన్ వేలంలో "మెయిజీ కాలపు కంచు పులి, సేయా ముద్రతో" అని కొన్న బొమ్మ, తీరా చూస్తే జింకు పోత. (మెయిజీ అంటే జపాన్‌లో 1868–1912 మధ్య కాలం, సేయా అప్పటి పేరున్న కంచు బొమ్మల తయారీదారు.) అమ్మినవాళ్లు ముందుగా చూపిన రుజువల్లా అయస్కాంతం అంటుకోని వీడియో. అది కంచుకూ అంటుకోదు, జింకుకూ అంటుకోదు. ఇనుము కాదని తప్ప ఆ వీడియోతో ఇంకేమీ తేలదు.

డబ్బు కట్టేముందు బొమ్మ అడుగుభాగం, పాదాల అంచులు దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. అరిగిన చోట కంచు పసుపు, ఎరుపు కలిసిన రంగులో మెరుస్తుంది. జింకు తెల్లటి బూడిదరంగులో బయటపడుతుంది. ముద్ర ఒక్కటే చూసి నమ్మకండి. సేయా పేరుకు గిరాకీ ఉంది కాబట్టే నకిలీలకూ అదే పేరు వేస్తారు. అసలు వాటిలోనూ పోతలోనే వచ్చిన ముద్రలుంటాయి. కానీ గీతల అంచులు మొద్దుబారి, అక్షరాలు పూడుకుపోయినట్టుంటే పాత బొమ్మ నుంచి అచ్చు తీసి పోసిందేమోనని అనుమానించాలి. అలాంటి వాటిలో పులి చారలు, వెంట్రుకలు కూడా అలుక్కుపోతాయి.

పార్సిల్ అందాక, వాపసు గడువు లోపలే నీటి తూకం వేయండి. ముందు పొడిగా తూచండి. తర్వాత దారం కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి, వేలాడే తక్కెడతో తూచండి. నీళ్లలో ఎంత బరువు తగ్గిందో చూసి, పొడి బరువును దానితో భాగించండి. 2,640 గ్రాముల బొమ్మ నీళ్లలో 300 గ్రాములు తగ్గితే 8.8, అంటే కంచుకు సరిపోతుంది. జింకైతే 7 దగ్గర ఆగుతుంది. లోపల గాలి బుడగలు చిక్కుకున్నా, పోత మట్టి మిగిలినా లెక్క తగ్గి వస్తుంది. బొమ్మను వంచి గాలి పోనిచ్చి మళ్లీ తూచండి. ఇత్తడి కూడా కంచు దరిదాపుల్లోనే వస్తుంది కాబట్టి ఈ లెక్క జింకును పట్టిస్తుందే గానీ వయసు చెప్పదు. చెక్క పీఠం, పొదుగుపని ఉన్నవాటిని ముంచొద్దు.

ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండుతో మాత్రం తోమకండి. జపాన్ కంచుకు ఆ పైరంగే ప్రాణం, విలువ చాలావరకు దానిలోనే ఉంది. పైగా తోమాక వాపసు తీసుకోరు.

కొన్ని ఏనుగు బొమ్మలకు కొమ్ములు అసలు ఏనుగు దంతంతోనే చేశారు. అలాంటివి భారత్‌కు తెప్పించుకుంటే వన్యప్రాణి చట్టం కింద చిక్కుల్లో పడతారు. కొమ్ములు దేనితో చేశారో అమ్మేవాళ్ల చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.